పోలిక గుండె

గాజు పెట్టెలో రేగుపండంత గుండె ఒకటి కొట్టుకుంటోంది. రెండు సన్నని గొట్టాలు దానికి రక్తం లాంటిదేదో అందిస్తున్నాయి. తెల్లకోటు వేసుకున్న డాక్టరమ్మ ఒక గొట్టంలోకి సిరంజితో మందు ఎక్కించి, "ఇప్పుడు దీనికి మత్తు ఇస్తున్నాను, చూడండి," అంది. గుండె నెమ్మదించింది. ఒకచోట తడబడింది. చుట్టూ నిలబడ్డ రోగులు, వాళ్ళ బంధువులు ఊపిరి బిగబట్టారు. గుండె మళ్ళీ అందుకుంది.

అందరూ హమ్మయ్య అనుకున్నారు, ఓదెలు తప్ప. ఆయనకు వచ్చిన మొదటి ఆలోచన, అది అసలు గుండే కాదేమోనని. రెండోది, గుండే అయినా, జనానికి చూపించడానికి ఎవరిదో గట్టి గుండెను తెచ్చి పెట్టారేమోనని. మూడోది వచ్చేలోపు భార్య భూలక్ష్మి మోచేత్తో పొడిచింది.

"జర నోరు మూసుకొని ఇనయ్యా," అంది గుసగుసగా.

ఆయన నోరు తెరిచిందే లేదు. కానీ ఇన్నేళ్ళ కాపురంలో భూలక్ష్మికి మొగుడి మౌనంలోని అనుమానం కూడా వినపడటం అలవాటైంది.

ఆ అనుమానం ఆయనకు ఊరికే రాలేదు, జీతం ఇచ్చి మరీ నేర్పించారు. ఓదెలు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే చెకింగ్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసిన మనిషి. ఇప్పుడు కరీంనగర్‌లో తిరిగే బస్సులకు డ్రైవరూ లేడు, కండక్టరూ లేడు. మనిషి ఎక్కగానే బస్సే మొహం గుర్తుపట్టి ఛార్జీ పట్టుకుంటుంది. చెకింగ్ చేయడానికి ఏమీ మిగల్లేదు. డిపార్ట్‌మెంటు ఆయన్ని ఇంటికి పంపేసింది గానీ ఆయన అనుమానాన్ని వెనక్కి తీసుకోవడం మరిచిపోయింది. అప్పట్నుంచీ అది ఇంట్లోనే ఉంటోంది. పాలవాడి మీద, కరెంటు మీటరు మీద, టీవీలో వాతావరణం చెప్పే అమ్మాయి మీద పనిచేస్తూనే ఉంటుంది. ఇప్పుడు దానికి ఆసుపత్రి దొరికింది.

దొరకడానికి కారణం మాత్రం నవ్వుకునేది కాదు. భూలక్ష్మికి రొమ్ములో గడ్డ. ముందు కీమోథెరపీ ఇచ్చి గడ్డను కుదించి, ఆ తర్వాత ఆపరేషన్ చేసి తీసేద్దామన్నారు. కీమో అయిపోయింది. సెలైన్ సీసాలో దానిమ్మ రసంలా కనిపించే ఎర్ర మందు ఆమె జుట్టునూ, రుచినీ పట్టుకుపోయింది గానీ గడ్డను మాత్రం బాగానే అణిచింది. ఇక మిగిలింది ఆపరేషన్. అది త్వరగా జరగాలి, లేకపోతే అణిగిన గడ్డ మళ్ళీ లేస్తుంది.

చిక్కంతా అక్కడే ఉంది. ఆ ఎర్ర మందు గడ్డను కొట్టే దారిలో గుండెకు కూడా రెండు దెబ్బలు తగిలించి పోతుంది. అందరికీ కాదు, కొందరికి. ఆ సంగతి ఆ గుండెకు తప్ప ఎవరికీ తెలియదు. మనిషి మామూలుగానే తిరుగుతుంటుంది, వంట చేస్తుంటుంది, పక్కింటావిడతో పోట్లాడుతుంటుంది. ఆపరేషన్ టేబుల్ మీద మత్తు ఎక్కి, బీపీ పడిపోయి, రక్తం కాస్త పోయి, గుండె ఉన్నట్టుండి రెట్టింపు పని చేయాల్సి వచ్చినప్పుడు దాని అసలు బలం బయటపడుతుంది. అప్పుడు బయటపడి లాభం లేదు. పూర్వం ఎందరో అలా టేబుల్ మీదే పోయారు.

అందుకే ఈ గాజు పెట్టెల మెషిన్. గుండె పనిచేస్తున్నకొద్దీ కంటికి ఆనని ముక్కలు దాని నుంచి రాలి రక్తంలో తిరుగుతుంటాయి. మెషిన్ ఆ ముక్కల్ని ఏరి చదువుతుంది, ఆ గుండె ఎక్కడ ఎంత అరిగిందో పసిగడుతుంది. తర్వాత అదే మనిషి రక్తకణాల నుంచి, అదే అరుగుదలతో, రేగుపండంత గుండెను పెంచుతుంది. దాని పేరు 'తోడు గుండె'. అసలు మనిషికి చేయబోయే ఆపరేషన్‌ను ముందు ఈ తోడు గుండెకు చేస్తారు. అదే మత్తు, అదే రక్తస్రావం, అదే సెలైన్. అది తట్టుకుంటే మనిషీ తట్టుకుంటుంది.

ఇదంతా వివరించిన తెల్లకోటు డాక్టరమ్మ పేరు సఫియా, మత్తు డాక్టరు. ఆ మెషిన్‌ను కనిపెట్టిన వాళ్ళలో ఆమె కూడా ఒకరు. చివర్లో ఆమె ఇంకో మాట చెప్పింది. "రోగితో పాటు ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న ఒకరి రక్తం కూడా తీసుకుంటాం. అదే నీళ్ళు, అదే తిండి, అదే గాలి కదా. వాళ్ళ గుండెను కూడా పెంచి పక్కన పెడితే, తేడా ఎంత కీమో వల్ల వచ్చిందో తెలుస్తుంది. దాన్ని పోలిక గుండె అంటాం. భూలక్ష్మి గారికి పోలికగా మీరు ఇవ్వండి ఓదెలు గారు."

"ఇస్తడు మేడం. రాయి లెక్క ఉంటడు," అంది భూలక్ష్మి.

ఓదెలు గోడ మీది బోర్డు చదువుతున్నాడు. మా టేబుల్ మీద ఇంతవరకూ ఏ గుండే ఆగలేదు, అని పెద్ద అక్షరాల్లో రాసి ఉంది.

ఆయన ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఒక సంగతి గమనించాడు. తమ బస్సుల్లో టికెట్ లేని వాడు ఒక్కడూ దొరకలేదని ఏ డిపో గొప్పగా చెప్పుకుంటే, ముందు ఆ డిపోకే వెళ్ళాలి. ఎక్కడో ఏదో దాచకపోతే అంత శుభ్రంగా ఉండదు.

దాచిందేమిటో వరండాలోనే దొరికింది. జమ్మికుంట నుంచి వచ్చిన ఒకాయన తల్లిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టుకొని బయటికి తోసుకుపోతున్నాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమైందన్నా?" అని అడిగాడు ఓదెలు.

"రెడ్ వచ్చింది. మా అవ్వ తోడు గుండె ఆగిందట. రెడ్ వస్తె ఆపరేషన్ లేదట. మందులతోని సూసుకోమన్నరు. మందులతోని ఏం సూస్తం అన్నా, లోపట గడ్డ పెరుగుతాంటె?"

"డాక్టర్లు చెప్పినా చెయ్యరా?"

"డాక్టర్ల చేతుల లేదట. కంప్యూటర్ల రెడ్ ఉంటె ఆపరేషన్ థియేటర్ తలుపే తెరుసుకోదట."

ఓదెలుకు బోర్డు అర్థమైంది. ఆగిపోయేలా ఉన్న గుండెల్ని గడప దాటనివ్వకపోతే టేబుల్ మీద ఏ గుండె ఆగుతుంది? వాళ్ళందరూ ఇళ్ళలో పోతున్నారు. ఇళ్ళలో బోర్డులుండవు.

అక్కడితో ఆగితే ఆయన ఓదెలు ఎందుకవుతాడు? ఆలోచన ఇంకో అడుగు ముందుకు వేసింది. అసలు వీళ్ళు నిజంగా గుండెల్ని పెంచుతున్నారా? కీమో ఎక్కువ తీసుకున్న ముసలివాళ్ళనీ, నీరసంగా కనిపించే వాళ్ళనీ మొహం చూసి రెడ్ కొట్టి పంపిస్తున్నారేమో. గాజు పెట్టెల్లో కొట్టుకునేవి ఒట్టి రబ్బరు తిత్తులేమో. అలా అయితే బోడిగుండుతో, పీక్కుపోయిన బుగ్గలతో ఉన్న భూలక్ష్మికి రెడ్ ఖాయం. ఒక ఆటబొమ్మ చెప్పిందని తన భార్యను ఇంటికి పంపేస్తే చేతులు కట్టుకొని కూర్చుంటాడా?

చెకింగ్‌లో ఇలాంటి వాటికి ఒక పద్ధతి ఉండేది. కండక్టరు మీద అనుమానం వస్తే స్క్వాడ్ నేరుగా బస్సు ఎక్కదు. తమ మనిషినే మఫ్టీలో మామూలు ప్రయాణికుడిలా ఎక్కిస్తారు. అతను డబ్బు ఇస్తాడు, కండక్టరు టికెట్ కొడతాడా లేదా చూస్తాడు. ఆ తర్వాతి స్టేజీలో స్క్వాడ్ ఎక్కుతుంది. కండక్టరుకు తాను పరీక్షలో ఉన్నట్టు తెలియకపోవడమే అందులోని కిటుకు.

రక్తం తీసే గదిలో నర్సు రూతు ముందు భూలక్ష్మికి తీసింది, తర్వాత ఓదెలుకు. రెండు గొట్టాలను స్టాండులో పెట్టి, పేర్లున్న స్టిక్కర్లు అంటించింది. అంతలో భూలక్ష్మికి కళ్ళు తిరిగాయి. రూతు ఆమెను పట్టుకొని పక్క మంచం మీద పడుకోబెట్టి నీళ్ళ కోసం వెళ్ళింది. ఓదెలువి కండక్టర్ల సంచుల్లోంచి టికెట్ కట్టల్ని చప్పుడు లేకుండా లాగిన వేళ్ళు. తడి ఆరని రెండు స్టిక్కర్లూ ఒకదాని చోటికి మరొకటి మారిపోయాయి.

ఇప్పుడు తేలుతుంది, అనుకున్నాడు ఓదెలు. ఆమె పేరు మీద ఉన్నది నా రక్తం. నా పేరు మీద ఉన్నది ఆమె రక్తం. ఆమెకు రెడ్, నాకు గ్రీన్ అన్నారో, రక్తం చూడకుండా మొహాలు చూసి చెప్పారన్నమాట. అప్పుడు కలెక్టరాఫీసు దాకా పోతా. ఆ ఆలోచనకే ఆయనకు చాలా రోజుల తర్వాత ఉద్యోగంలో చేరినంత హుషారు వచ్చింది.

పాపం, ఇంకో సంగతి ఆయన తలకే ఎక్కలేదు. మెషిన్ నిజం చెబితే ఏమవుతుందో ఆలోచించుకోలేదు.

వారాలు గడిచాక ఒక పొద్దున ఇద్దరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. ముందు భూలక్ష్మి తనది చూసుకుంది. తెర నిండా ఆకుపచ్చ రంగు. ఆమె గోడకు ఆనుకొని కూర్చుండిపోయి, కొంగుతో కళ్ళొత్తుకుంది.

"గ్రీన్ వచ్చిందయ్యా. నా గుండె గట్టిదట. ఆపరేషన్ చేస్తరట," అంది. కీమో మొదలైన నాటి నుంచీ ఆమె అంత తేలిగ్గా నవ్వింది లేదు. "నీది సూడు."

ఓదెలు ఫోన్ ఎర్రగా ఉంది. మీ గుండె శస్త్రచికిత్సను తట్టుకోలేదు, వెంటనే డాక్టర్ను కలవండి, అని ఉంది.

ఆయన దాన్ని ఒకటికి రెండుసార్లు చదివాడు. మెషిన్ మొహాలు చూడలేదు. రక్తమే చూసింది. మోసం లేదు, రబ్బరు తిత్తి లేదు. ఆయన పెట్టిన పరీక్షలో మెషిన్ నిజాయితీగా నెగ్గింది. అంటే ఎదురుగా గోడకు ఆనుకొని నవ్వుతున్న ఈ మనిషి గుండె ఆగిపోయే గుండె. ఆ సంగతి ఈ ప్రపంచంలో తన ఒక్కడికే తెలుసు. భయం అంటే ఏమిటో ఓదెలుకు అప్పుడు తెలిసింది.

ఆయన మొహం చూసి భూలక్ష్మి ఫోన్ లాక్కుంది. ఎరుపు చూసి నెత్తి కొట్టుకుంది. "అయ్యో, గిదేంది దేవుడా. రాయి లెక్క ఉంటవనుకుంటి. లేవకు, కూసో. గట్టిగ ఊపిరి తీసుకోకు," అంటూ విసనకర్ర అందుకుంది.

మర్నాడు డాక్టర్ సఫియా ఆయన్ని ఒక్కణ్ణే లోపలికి పిలిచింది. తెర మీద రెండు గుండెలున్నాయి. ఆమె ఆయన్ని చాలాసేపు పరీక్షగా చూసింది. ఓదెలుకు ఆ చూపు తెలుసు. బస్సులో వెనక సీటు దాకా నడుస్తూ తాను చూసిన చూపే అది.

"ఓదెలు గారు, మీరు ఎప్పుడైనా క్యాన్సర్‌కు మందులు వాడారా?"

"లేదు మేడం."

"ఇంట్లో తెలియకుండా?"

"లేదు మేడం."

"మరి మీ గుండెకు ఎర్ర మందు దెబ్బలు ఎలా తగిలాయి? ఆ మందు వేసే గాయం వేరే ఏదీ వేయదు. మీ భార్య అంత మందు తీసుకున్నారు, ఆవిడ గుండె మీద గీత పడలేదు. మీరు తీసుకోలేదంటున్నారు, మీ గుండె నిండా గాయాలే. ఈ మెషిన్‌ను కట్టినదాన్ని, అది ఇలా తికమక పడదని నాకు తెలుసు. కాబట్టి మీరే ఏదో దాస్తున్నారు."

ఓదెలు చెప్పేశాడు. మఫ్టీ మనిషి సంగతి, స్టిక్కర్ల సంగతి, జమ్మికుంట అవ్వ సంగతి, బోర్డు సంగతి. చెబుతూ చెబుతూ తల వంచుకున్నాడు. డాక్టరమ్మ అరుస్తుందనుకున్నాడు. ఆమె లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"ఇప్పుడు నేను దీన్ని సరిచేస్తే ఏమవుతుందో తెలుసా?"

"రెడ్ వస్తది. తలుపు తెరుసుకోదు."

"అవును. నేను ఈ మెషిన్‌ను తలుపులు మూయడానికి కట్టలేదు ఓదెలు గారు." ఆమె గొంతులో కోపం ఉంది గానీ అది ఆయన మీద కాదు. "గుండె ఎక్కడ తడబడుతుందో ముందే తెలిస్తే, అక్కడ చెయ్యి పట్టుకొని దాటించవచ్చని కట్టాను. మీ భార్య గుండె ఎక్కడ ఆగిందో చూడండి. మత్తు ఒక్కసారిగా ఎక్కించినప్పుడు. సెలైన్ ధారగా వదిలినప్పుడు. మత్తు కొద్దికొద్దిగా ఇచ్చి, సెలైన్ తగ్గించి, గుండెకు ఊతమిచ్చే మందు ముందే మొదలుపెడితే ఇది దాటగలదు. అందరూ దాటుతారని చెప్పను. చాలామంది దాటుతారు. కానీ పైవాళ్ళకు బోర్డు ముఖ్యమైంది."

ఓదెలు తల ఎత్తాడు. ఆమె ఏమంటోందో ఆయనకు అర్థమైంది. అర్థమైనందుకే నమ్మబుద్ధి కాలేదు. ఈమెకేం లాభం? ఎందుకు ఈ సాహసం? రేపు ఏదన్నా అయితే నామీదికి తోసెయ్యడానికా?

"కంప్యూటర్ల గ్రీనే ఉంచుతరా?"

"స్టిక్కర్లు మార్చింది మీరు. నాకు ఏమీ తెలియదు. గ్రీన్ వచ్చిన మనిషికి నేను కాస్త జాగ్రత్త ఎక్కువ తీసుకుంటాను, అంతే. కానీ ఒక షరతు. ప్రాణం ఆవిడది. ఆవిడకు ఉన్నదున్నట్టు చెప్పండి. ఆవిడ ఒప్పుకుంటేనే చేద్దాం. ఈ మాట నేను చెప్తే ఆసుపత్రి చెప్పినట్టవుతుంది. మీరే చెప్పాలి."

"చెప్త మేడం," అన్నాడు ఓదెలు.

ఇంటికి వచ్చేసరికి భూలక్ష్మి పక్కింటావిడకు తన ఆకుపచ్చ గుండె గురించి చెబుతోంది. తల మీద గుడ్డ సర్దుకుంటూ, గడ్డ తీసేశాక ముందుగా వేములవాడ వెళ్ళి మొక్కు తీర్చుకోవాలంటోంది. ఆయన్ని చూసి లేచి ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. "నీకేం గాదు. నాది అయిపోయినంక నిన్ను నేను సూసుకుంట," అంది.

చెబుదామని నోరు తెరిచాడు. ఆమె మొహంలో ఆ ధైర్యం చూసి మూసుకున్నాడు. ఈ ధైర్యం తీసేస్తే ఆ గుండెకు ఇంకేం మిగులుతుంది? భయపడితే అది టేబుల్ దాకా అయినా వస్తుందా? పైగా భూలక్ష్మి కడుపులో మాట దాగదు. రెండు రోజుల్లో వీధంతా తెలుస్తుంది, ఆసుపత్రికీ తెలుస్తుంది, తలుపు మూసుకుంటుంది. ఆపరేషన్ అయ్యాక చెబుతాలే అనుకున్నాడు. తనకు తాను చెప్పుకున్న ఆ మాట మీద మాత్రం ఆయనకు అనుమానం రాలేదు.

ఆపరేషన్ రోజున డాక్టర్ సఫియా స్ట్రెచర్ పక్కన ఆగి భూలక్ష్మి మీదికి వంగింది. "మీ ఆయన మీకు అంతా చెప్పారా? ఒప్పుకున్నట్టేనా?" అని అడిగింది.

"అన్నీ చెప్పిండు మేడం. మీరు భయపడకుండ్రి," అంది భూలక్ష్మి. ఓదెలు గుండె సంగతి తనకు తెలుసుననే ఆమె ఉద్దేశం. డాక్టరమ్మ ఓదెలు వైపు చూసి తల ఊపింది. ఆయన చూపు తిప్పుకున్నాడు.

థియేటర్ తలుపు పచ్చ దీపం వెలిగించి దానంతటదే తెరుచుకుంది, వాళ్ళను మింగి మూసుకుంది. చాలాసేపటికి గానీ మళ్ళీ తెరుచుకోలేదు. ఓదెలు వరండాలో అటూ ఇటూ తిరిగాడు. ఏ దేవుణ్ణి తలుచుకోవాలో తెలియలేదు. అందర్నీ ఎప్పుడో ఒకప్పుడు శంకించిన మనిషి మరి. చివరికి డాక్టర్ సఫియా బయటికి వచ్చి ఆయన పక్కన బెంచీ మీద కూలబడింది.

"అదే చోట తడబడింది," అంది మెల్లగా. "తెలుసు కాబట్టి పట్టుకున్నాను. దాటింది."

ఓదెలు అక్కడే, అందరి ముందూ, వెక్కి వెక్కి ఏడ్చాడు. అటుగా పోతున్న నర్సు రూతు ఆయనకు నీళ్ళిచ్చి, "అంకుల్, మీది వీక్ గుండె. గట్ల ఏడవకుండ్రి," అంది.

గడ్డ పోయింది. భూలక్ష్మికి జుట్టు మళ్ళీ మొలిచింది. సఫియా రాసిచ్చిన గుండె మాత్రలు ఆమె ఆపరేషన్ తర్వాతి బలం మందులనుకొని రోజూ వేసుకుంటోంది. అవి జీవితాంతం ఆపకూడదని డాక్టరమ్మ ఓదెలుకు ఒకటికి పదిసార్లు చెప్పింది. అంతా చక్కబడినట్టే ఉంది. అసలు సంగతి చెప్పే రోజును ఓదెలు దసరాకనీ, తర్వాత దీపావళికనీ జరుపుతూ పోయాడు.

ఆ తర్వాత పరీక్షకు వెళ్ళేసరికి డాక్టర్ సఫియా లేదు. గ్రీన్ వచ్చిన రోగికి అన్ని గుండె మందులు ఎందుకు వాడావని పైవాళ్ళు సంజాయిషీ అడిగారట. ఆమె జవాబు చెప్పకుండా రాజీనామా చేసి వెళ్ళిపోయిందట. ఎక్కడికో ఎవరికీ తెలియదు, ఆమె వాడిన ఫోన్ నంబరు కూడా ఆసుపత్రిదే. ఆ కుర్చీలో అనిరుధ్ అనే కుర్ర డాక్టరు ఉన్నాడు. అతను భూలక్ష్మి వైపు చూడలేదు, తెర వైపు చూశాడు.

"మీ గుండె భేషుగ్గా ఉందమ్మా. ఈ మాత్రలెందుకు మీకు? ఆపేయండి." తర్వాత ఓదెలు పేరు నొక్కాడు. "మీకు కదా కావాల్సింది. ఇంతకాలం వేసుకోకుండా ఎలా ఉన్నారు అంకుల్? ఇవే మాత్రలు మీకు రాస్తున్నాను."

ఇక దాచడానికి ఏమీ లేదు. ఓదెలు భూలక్ష్మిని బయట కూర్చోబెట్టి వచ్చి మొత్తం చెప్పాడు. అనిరుధ్ మర్యాదగానే విన్నాడు. విన్నాక చిరునవ్వు నవ్వాడు. పాసు ఇంట్లో మరిచిపోయానన్న ప్రతివాణ్ణీ చూసి ఓదెలు కూడా ఒకప్పుడు సరిగ్గా అలాగే నవ్వేవాడు.

"రెడ్ వచ్చిన వాళ్ళందరూ అది నా రక్తం కాదనే అంటారు అంకుల్. రోజూ వింటాను."

"అయితె మళ్ళ రక్తం తియ్యుండ్రి సార్."

"రెడ్ వాళ్ళది రెండోసారి తీయకూడదని రూల్. గట్టి గుండె ఉన్న బంధువుల రక్తం తెచ్చి మోసం చేస్తున్నారు."

"పోనీ ఆమెది తియ్యుండ్రి."

"గ్రీన్ వచ్చి, ఆపరేషన్ కూడా దాటిన మనిషిది మళ్ళీ ఎందుకు?"

"మామూలుగ చెవుల పెట్టుకొని ఇంటరు గదా, అదన్న పెట్టి సూడుండ్రి."

కుర్ర డాక్టరు సొరుగు లాగి చూశాడు, పక్క గదిలో అడిగాడు. స్టెతస్కోపు ఆ అంతస్తులో ఎవరి దగ్గరా లేదు. తోడు గుండె వచ్చాక గుండె ఫొటోలు తీసే పాత ఎకో మెషిన్లన్నీ కూడా అమ్మేశారట.

ఇంటికి వచ్చిన నాటి నుంచీ భూలక్ష్మి మొగుడి గుండెకు కాపలా మొదలుపెట్టింది. కూరలో ఉప్పు తగ్గించింది. ఆయన్ని ఏ బరువూ ముట్టనివ్వదు. పొద్దున్నే మాత్ర ఆయన అరచేతిలో పెట్టి, మింగే దాకా ఎదురుగా నిలబడి, నోరు తెరిపించి మరీ చూస్తుంది. ఆమెకు తెలియకుండా ఓదెలు ఆ మాత్రను నాలుక కింద దాచేవాడు. తర్వాత వంటింట్లో తుడిచి, చెంచాతో నూరి, ఆమె చాయ్‌లో కలిపేవాడు. పొద్దుటి చాయ్ పెట్టే పని అందుకే అడిగి మరీ తీసుకున్నాడు. ఇలా ఆమె మాత్రలు ఆమెకు చేరుతున్నాయి. బతికినంత కాలం ఇలాగే నడిపించగలననుకున్నాడు.

ఒక ఉదయం నూరుతూ ఉండగా వెనక అలికిడైంది. గుమ్మంలో భూలక్ష్మి నిలబడి ఉంది. గేటు దగ్గర దింపిపోయిన మంచినీళ్ళ క్యాన్ తానే మోసుకొచ్చి దింపింది. నుదుటి నిండా చెమట, మాటకీ మాటకీ మధ్య ఊపిరి అందడం లేదు.

"ఏం కలుపుతున్నవ్?"

"చక్కెర."

"చక్కెర డబ్బ గీడున్నది," అంది ఆమె పక్క అలమరలోంచి డబ్బా తీసి చూపించి. దగ్గరికి వచ్చి చెంచా చూసింది. మాత్ర పొడి ఇంకా అంటుకునే ఉంది.

ఓదెలు ఇక ఆగలేదు. ఏడుస్తూనే స్టిక్కర్ల దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాడు. "ఆ రెడ్ గుండె నీది భూలక్ష్మీ. నాది గాదు. ఈ గోలి ఆపితె నువ్వు నాకు దక్కవు," అన్నాడు. ఆమె మధ్యలో అడ్డం రాకుండా వింది. అయ్యాక కొంగుతో ఆయన కళ్ళు తుడిచింది.

"ఎంత కథ అల్లినవయ్యా. మగోనికి గుండె బలం లేదంటె నామోషి గాదా మరి, నాకు తెల్వదా? గా నామోషికి నీ గోలి నాకు తాపుతున్నవ్. పాలోని మీద అనుమానమే, మీటర్ మీద అనుమానమే. ఇప్పుడు మిషన్ పాస్ జేసిన నా గుండె మీద కూడనా?"

"ఒట్టు భూలక్ష్మీ. ఒక్కసారి నా మాట నమ్ము."

"నమ్మిన గని, తాగు." ఆమె గిలాస తీసి ఆయన చేతిలో పెట్టింది. "నీ గోలి ఇందులనే ఉన్నది. నా ముంగట తాగు."

ఆమె ఎగశ్వాస ఇంకా తగ్గలేదు. వద్దంటే పారబోస్తుంది, తోసేస్తే ఏడుస్తుంది. ఏడిస్తే ఆ గుండెకు ఏమవుతుందో ఓదెలుకు తెలుసు. ఆయన గిలాస ఎత్తి, కళ్ళు మూసుకొని, చుక్క మిగలకుండా తాగాడు. ఆమె గిలాస అడుగు దాకా చూసి తీసుకుంది.

"రేపటి సంది చాయ్ నేనే పెడ్త," అంది భూలక్ష్మి.